బ్యాటరీలో మొదటి కోత
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడు మనలో చాలామంది లైఫ్ సర్టిఫికెట్టు కూడా ఫోనులోనే ఇస్తున్నాం. ఆ ఫోనును నడిపేది లిథియం అయాన్ బ్యాటరీ. దీన్ని 1991లో సోనీ సంస్థ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దీనికి బాటలు వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

మనమంతా లెక్కల పుస్తకాలతో బతికినవాళ్ళం కనుక ఆ భాషలోనే మనవి చేస్తాను. ఈ బ్యాటరీకి ప్రారంభ నిల్వ కాథోడ్‌లో ఉన్న లిథియమే. ఛార్జి పెడితే అది ఆనోడ్‌కు వెళుతుంది, వాడుకుంటే వెనక్కి వస్తుంది. కొత్తగా జమ పడేది ఏమీ ఉండదు. అయితే మొట్టమొదటి ఛార్జిలో ఆనోడ్ మీద ఒక పలుచని పొర కడుతుంది. లోపలి ద్రావణాన్ని కాపాడేది ఆ పొరే కనుక దాన్ని వద్దనలేము. కాని అందులో చిక్కిన లిథియం మళ్ళీ పనికి రాదు. గ్రాఫైట్ ఆనోడ్ అయితే ఈ కోత సుమారు 5 నుంచి 10 శాతం. సిలికాన్ కలిపితే ఇంకా ఎక్కువ. మన కమ్యుటేషన్ భాగమైనా 15 ఏళ్ళకు పునరుద్ధరిస్తారు. ఈ కోతకు ఆ భాగ్యం లేదు.

కాథోడ్ పదార్థమే మరికొంత వేయవచ్చు కదా అంటారేమో. బరువూ, ఖర్చూ పెరుగుతాయి. అందుకని శాస్త్రజ్ఞులు లిథియం దండిగా ఉన్న మరో పదార్థాన్ని కాథోడ్‌లో కొద్దిగా కలుపుతున్నారు. ఉదాహరణకు, ఒక ఇనుము అణువుకు ఐదు లిథియం అణువులున్న ఆక్సైడ్ ఒకటి ఉంది. సిద్ధాంతరీత్యా గ్రాముకు 867 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇవ్వగలదు. మామూలు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఇచ్చేది 170 మాత్రమే. అది మొదటి ఛార్జిలోనే తన లిథియంలో అధికభాగం ఇచ్చేసి, తిరిగి పుచ్చుకోదు. కోతకు ఆ లిథియం సరిపోతుంది, అసలు నిల్వ మిగులుతుంది.

చిక్కులూ లేకపోలేదు. ఇలాంటి పదార్థాలు చాలావరకు గాలిలోని తేమకు పాడవుతాయి. కొన్ని వాయువులు విడుస్తాయి, వాటిని సీలు వేసేలోగా తీసివేయాలి. ఇచ్చేసిన తరువాత మిగిలిన పదార్థం ఊరికే బరువు. కనుక మోతాదు తగ్గించే వేయాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ మొదటి ఛార్జి కర్మాగారంలోనే జరిగిపోతుంది. కొత్త ఫోను కొన్నప్పుడు ఎనిమిది గంటలు ఛార్జి పెట్టాలనే పాత నియమం దీనికి వర్తించదు.

భూమిలోంచి ఎంతో శ్రమతో తీసిన లిథియం మొదటిరోజే వృథా కాకుండా చూడడం చిన్న పని కాదు.