విశ్వవిద్యాలయాల మధ్య భాగస్వామ్యం



"మాకు విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉంది" అనే మాట ప్రవేశాల ప్రకటనల్లో మీరు చూసే ఉంటారు. ఆ ఒప్పందం వల్ల విద్యార్థికి ఒరిగేదేమిటి? ఈనాటి పాఠంలో ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం.

ఖరగ్‌పూర్ తరువాత ఏర్పడిన ఐఐటీలలో బొంబాయికి సోవియట్ యూనియన్, మద్రాసుకు పశ్చిమ జర్మనీ, ఢిల్లీకి బ్రిటన్, కాన్పూరుకు అమెరికా తోడ్పడ్డాయి. వీటిలో కాన్పూరు అనుభవం గమనించదగినది. అక్కడ 1962 నుంచి 1972 వరకు తొమ్మిది అమెరికన్ సంస్థలు కలిసి పనిచేశాయి. ఎంఐటీ, ప్రిన్స్‌టన్, పర్డ్యూ, బర్క్‌లీ వాటిలో కొన్ని. 1963లో ఐబీఎం 1620 కంప్యూటర్ కాన్పూరు చేరింది. అయితే యంత్రం వచ్చినంత మాత్రాన చదువు రాదు కదా! దానితోపాటు అధ్యాపకులూ వచ్చారు. మనవారితో కలిసి పాఠ్యప్రణాళికలు రూపొందించారు, ప్రయోగశాలలు నెలకొల్పారు. తొలి డైరెక్టర్ పి.కె. కేల్కర్ ప్రతిభావంతులైన యువ భారతీయ అధ్యాపకులను చేర్చుకున్నారు. అందువల్లనే 1972లో అమెరికన్ కార్యక్రమం ముగిసినా సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడింది.

దీన్నిబట్టి మూడు విషయాలు గ్రహించవచ్చు. ఒకటి, మనకేం కావాలో మనకు ముందే తెలియాలి. రెండు, కాగితాలతోపాటు మనుషులూ రాకపోకలు సాగించాలి. మూడు, సహాయం ఆగిపోయే రోజుకు మొదటినుంచే సిద్ధపడాలి.

మన దగ్గరా ఇలాంటి ఉదాహరణ ఉంది. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్‌కు జపాన్ చేయూతనిచ్చింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ప్రాంగణ నిర్మాణానికి తోడ్పడటంతో ఆగలేదు. ఉపకార వేతనాలిచ్చి ఇక్కడి పట్టభద్రులను జపాన్ విశ్వవిద్యాలయాల్లో పైచదువులకు ఆహ్వానించింది. భవనం కన్నా ఈ రాకపోకల బంధమే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇక మీ సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఉమ్మడి డిగ్రీ పొందాలంటే భారతీయ, విదేశీ సంస్థల్లో ఒక్కొక్కదాని నుంచి కనీసం 30 శాతం క్రెడిట్లు సంపాదించాలి. ఫ్రాంచైజీ పద్ధతిలో కోర్సులు నడపడానికి ఆ నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి ఫీజు కట్టేముందు అడగండి: డిగ్రీ ఎవరి పేరుతో ఇస్తారు? అక్కడి అధ్యాపకులు ఇక్కడ బోధిస్తారా? ఇక్కడి క్రెడిట్లు అక్కడ చెల్లుతాయా? కిందటేడు ఎంతమంది వెళ్లివచ్చారు?

అడగడానికి మొహమాటపడకండి. తల్లిదండ్రులు అప్పు చేసి కట్టే ఫీజు అది. నిజమైన భాగస్వామ్యం ఉన్నచోట ఈ ప్రశ్నలకు జవాబులు వెంటనే దొరుకుతాయి.