మాటకీ మాటకీ మధ్య
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

రేడియోలో పనిచేసినవాణ్ణి కాబట్టి కార్యక్రమాల మధ్య వినిపించే సంగీతం గురించి నాలుగు మాటలు చెబుతాను.

మన బడిలో లెక్కల పీరియడ్ అయ్యాక గంట మోగేది. ఆ గంటలో పాఠమేమీ లేదు. అయినా అది మోగితేనే బుర్ర లెక్కల్లోంచి బయటపడి తెలుగు పద్యానికి సిద్ధమయ్యేది. రేడియోలో ఆ పని సంగీతానిది. పుస్తకంలో పేరా మారితే కంటికి తెలుస్తుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. వ్యవసాయ సలహాకీ ఆరోగ్య ప్రసంగానికీ మధ్య పది సెకన్ల వేణువు లేకపోతే ఎరువు మోతాదూ మందు మోతాదూ కలిసిపోతాయి!

ఆకాశవాణి సంకేత సంగీతం మీ అందరికీ గుర్తే. దాన్ని కూర్చినవారు వాల్టర్ కౌఫ్‌మన్. యూరప్‌లో యూదులకు రోజులు చెడ్డప్పుడు, 1934లో బొంబాయి చేరిన సంగీతజ్ఞుడు. తంబురా శ్రుతి మీద వయొలిన్. తెల్లవారిందని ఇంటిల్లిపాదికీ అదే చెప్పేది.

ప్రసంగం నిమిషం ముందే ముగిస్తే, వార్తల వేళ దాకా వాద్య సంగీతం వేసేవాళ్ళం. ఏది వేయాలన్నది డ్యూటీలో ఉన్నవారి విజ్ఞత. తుపాను మృతుల గురించి మాట్లాడిన వెంటనే హుషారైన బాణీ వేస్తే ఆ కుటుంబాల మనసు నొచ్చుకోదా? అక్కడ నెమ్మదైన సారంగి కావాలి, లేదా క్షణం మౌనం.

ఇప్పుడు అసలు మనవి. గురువుల జ్ఞాపకాలు రికార్డు చేసి అందరికీ పంపాలని సంఘం మిత్రులు అనుకుంటున్నారు. చాలా మంచి పని. అయితే ఈ రోజుల్లో మాట కింద కూడా ఆపకుండా సంగీతం పరుస్తున్నారు. వినికిడి తగ్గిన చెవికి అప్పుడు మాట స్పష్టంగా అందదు. మన మాస్టార్ల గొంతులు సన్నబడ్డాయి. వినే మనకూ వయసు మీద పడింది.

అందుకని, మాట నడుస్తున్నంతసేపూ సంగీతం వద్దు. ఒకరి మాట ముగిశాక ఒక్క శ్వాస ఆగండి. ఐదారు సెకన్ల బాణీ వినిపించి, మెల్లగా తగ్గించి, తర్వాతి వారి గొంతు అందుకోండి. అందరికీ ఒకే బాణీ వాడండి. రెండోసారికే శ్రోత గుర్తుపడతాడు. సంగీతం కలపని అసలు రికార్డును వేరుగా దాచండి. బాణీ ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. కలిపేశాక మాటను విడదీయడం కష్టం.

ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకండి. మైకు పట్టుకుని ముందు వరుస దగ్గరికి ఇవాళే వెళ్ళండి. సెలవు.