ప్రోగ్రాములో చెరువు పేరేమి?



కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయువారు అందలి ప్రతి పద్దుకు ఒక పేరు పెట్టవలెను. ఆ పేరు సాధారణముగా ఇంగ్లీషుననే ఉండును; దేశదేశముల పనివారు చదువగలరు, కాదనను. కాని ఇంగ్లీషున మన చెరువూ ‘ట్యాంకే’, మంచినీటి ట్యాంకూ ‘ట్యాంకే’! ఒకదాని మరమ్మతు ఖర్చు రెండవదాని పద్దున పడినచో పట్టువారెవరు? శిఖము, పహాణీ అను మాటలకైతే ఇంగ్లీషున సరియైన జోడే లేదు.

పైథాన్ అను ప్రోగ్రాము భాష, 2008లో వెలువడిన 3వ రూపము నుండి, తెలుగు లిపిలోని పేర్లను సైతము అంగీకరించుచున్నది; ఆజ్ఞాపదములు మాత్రము ఇంగ్లీషువే.

ఈ బాచుపల్లి ఒకప్పటి పంచాయతీ గ్రామము. 2019లో ఏర్పడిన నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసినది. ఊరి పాత పద్దులు చదువవలసినవారు ఊరెరుగని ఉద్యోగులు! కావున ప్రోగ్రాము చేయించునప్పుడు పేర్ల పట్టికను తెలుగున అడిగి, సభలో చదివించి, పిదప సంతకము చేయుడు.