ఇంటికీ ఒక పేరున్నది



మనిషికి ఇంటిపేరు ఉన్నట్లే ఇంటికీ ఒక పేరున్నది. దాని కప్పు ఏమిటి, గోడ ఏమిటి, అందులో ఉండేది మనిషా, పశువా, ధాన్యమా అన్న సంగతి చాలావరకు ఆ పేరే చెబుతుంది. అయితే ఒక చిక్కు ఉంది. ఒకే పేరుకు ఒక జిల్లాలో ఒక అర్థము, మరొక జిల్లాలో వేరొక అర్థము ఉంటాయి. ఊళ్లు మారి ఉద్యోగం చేసే మాబోటి వాళ్లకు, గాలివానకో నిప్పుకో ఇల్లు పోగొట్టుకుని అర్జీ పెట్టుకునే రైతుకు ఇది చిన్న విషయం కాదు. అందుచేత ఈనాడు మన పల్లెల్లోని చిన్న ఇండ్ల పేర్లను గూర్చి ముచ్చటించుకుందాం.

ముందుగా గడ్డికప్పు ఇండ్లు. గుడిసె అనే మాట తెలుగునాట అందరికీ తెలుసు. పూరి అంటే కప్పుకు వేసే గడ్డి. ఆ గడ్డి కప్పిన ఇల్లు పూరిల్లు. గోదావరి, కృష్ణా డెల్టాలలో తాటాకుతో గాని, గడ్డితో గాని కప్పినదాన్ని పాక అంటారు. అక్కడ మనుషులుండేదీ పాకే, గొడ్లను కట్టేదీ పాకే. అందుకే వంటపాక, పశువులపాక అని ముందొక మాట చేర్చి చెబుతారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు సముద్రతీరాన చుట్టిళ్లు ఉన్నాయి. గుండ్రని మట్టిగోడ, కొనదేలిన కప్పు, దాదాపు నేలను తాకే చూరు. ఎదురు నిలిచే మూల లేనందున గాలి ఇంటి చుట్టూ జారిపోతుంది. తుఫానుల తావున పెద్దలు ఆ రూపాన్ని ఊరికే ఎన్నుకోలేదు.

ఇక కొట్టం సంగతి చూడండి. తెలంగాణలో కొట్టం అనగానే పశువుల కొట్టమే గుర్తుకు వస్తుంది. అనంతపురం, కడప ప్రాంతాలలో మాత్రం బోదగడ్డి కప్పిన ఇంటిని కూడా కొట్టం అంటారు. అక్కడ సంసారాలు కొట్టాలలో ఉంటాయి. ఒక రైతు వచ్చి, "సార్, మా కొట్టం కాలిపాయ" అన్నాడనుకోండి. వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఉద్యోగి ఆ మాట విని, పశువులశాల అని రిజిస్టరులో రాసుకుంటే ఏమవుతుంది?

లెక్క చెబుతాను. 2022 నుండి 2026 వరకు గల కాలానికి కేంద్ర ప్రభుత్వం విపత్తు సహాయపు నిబంధనలు ఇచ్చింది. వాటి ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా పోయిన ఇంటికి, అది పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా, 1,20,000 రూపాయలు. గుడిసెకు 8,000 రూపాయలు. ఇంటిని ఆనుకుని ఉన్న పశువులశాలకు 3,000 రూపాయలు. అంటే మట్టిగోడల మీద కప్పు వేసి, కాపురం చేసుకుంటున్న కొట్టాన్ని గొడ్ల కొట్టమని రాస్తే ఆ కుటుంబం నోటికాడి కూడు పోయినట్లే. మాట ఒకటే, తేడా లక్షకు పైన.

కనుక విస్తరణ కార్యకర్తలు పేరు విన్నంతనే కలం పెట్టవద్దు. మూడు ప్రశ్నలు అడగండి. కప్పు దేనితో? గోడ దేనితో? లోపల పడుకునేది ఎవరు? ఆ మూడు జవాబులనూ పేరుతోపాటు రాయండి. రైతులు కూడా అర్జీలో "కొట్టం" అని ఊరుకోక, "మట్టిగోడలు, బోదకప్పు, మేము కాపురముండే ఇల్లు" అని వివరంగా రాయించుకోవాలి.

ఇలాంటి మాట మరొకటి ఉన్నది. నల్లమల అడవుల్లో చెంచుల నివాసాల గుంపును పెంట అంటారు. మన పొలాలలో పెంట అంటే ఎరువు కుప్ప! కొత్తగా ఆ ప్రాంతానికి వెళ్లే ఉద్యోగి ఇది తెలియక నవ్వితే, అవతలివాడి ఊరిని చూసి నవ్వినట్లవుతుంది. వాళ్లు మళ్లీ మన మాట వింటారా?

మిద్దె కూడా అంతే. రాయలసీమలో మిద్దె అంటే దూలాల మీద కట్టెలు పరచి, పైన చవుడుమట్టి వేసిన చదును కప్పు ఇల్లు. కొన్నిచోట్ల పై అంతస్తును మిద్దె అంటారు. కోస్తాలో చదును కప్పు ఇంటికి డాబా అని పేరు. పెంకుటిండ్లలో గూనపెంకు వేరు, బెంగుళూరు పెంకు వేరు.

పొలంలోని చిన్న ఇండ్లను మరువరాదు. జొన్నచేలో పిట్టలను తోలడానికి గుంజల మీద కట్టేది మంచె. ధాన్యానికీ ఇండ్లున్నాయి. గాదె, గరిసె, గుమ్మి నేలమీద ఉండేవి, పాతర నేలలో తవ్వేది, పురి గడ్డితాడు చుట్టి కట్టేది. "విత్తనం నిలవ చేశాను" అని రైతు అంటే, ఎందులో అని అడగండి. పాతరలో చెమ్మ భయం, గాదెలో ఎలుక భయం. పేరును బట్టి సలహా మారుతుంది.

ఇప్పుడు పేరుకు తగిన జాగ్రత్తలు రెండు మూడు చెబుతాను. గుడిసె, పాక, కొట్టం, ఏదైనా గడ్డికప్పుకు ఎండాకాలంలో నిప్పే శత్రువు. గడ్డివామిని ఇంటికీ, పశువులశాలకూ దూరంగా వేయండి. పొయ్యి బూడిద పూర్తిగా చల్లారిన తర్వాతనే పారబోయండి. తీరప్రాంతం వారు తుఫానుల కాలానికి ముందే కప్పును మోకులతో బిగించి, గట్టి గుంజలకు కట్టుకోవాలి. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం మోకులను నమ్ముకుని కూర్చోవద్దు. పిల్లాపాపలతో తుఫాను రక్షణ భవనానికి చేరండి. మట్టిమిద్దె వారు వానలకు ముందు పైన మొలిచిన గడ్డీగాదం పీకి, పగుళ్లు పూడ్చి, కొత్త చవుడు పరవండి. పశువులశాలపై రేకులున్నచోట వేసవిలో గడ్డి గాని, కొబ్బరాకు గాని పరిస్తే లోపల వేడి తగ్గుతుంది. కాని అక్కడికి నిప్పురవ్వ రాకుండా చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం ప్రచురించింది. దానికి సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. విస్తరణ కార్యకర్తలు అటువంటి పుస్తకాన్ని చూడటం మంచిది. అంతకన్నా మంచిది, పనిచేసే ఊళ్లోని ముసలివాళ్లను అడిగి ఇండ్ల పేర్లు, కొట్టాల పేర్లు, గాదెల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం. బదిలీ అయి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని తర్వాత వచ్చేవారికి అప్పగించండి.

ఏదైనా నష్టం వస్తే "కొంప మునిగింది" అంటాం మనం. తెలుగువాడికి ఇల్లు మునగడమంటే సర్వం మునగడమే. అటువంటి ఇంటిని కాగితం మీద ఎక్కించేటప్పుడు సరైన పేరుతో, సరైన వివరంతో ఎక్కించుదాం.