నెత్తురు మాది, ఓటు ఎవరిది?

ఇంగ్లాండులో 1642లో రాజు మనుషులకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైంది. పార్లమెంటంటే పేదలదనుకునేరు! అందులో కూర్చున్నది భూములున్నోళ్లే. తుపాకీ మోసినోళ్లలో కూలోళ్లు, నేతగాళ్లు, చెప్పులు కుట్టేవోళ్లు ఉన్నారు. మనం గుర్తుపట్టే మనుషులే.

1647లో పట్నీలో ఆ సిపాయిలు పై అధికారులను నిలదీశారు: నెత్తురు మాది, మరి ఓటో? కర్నల్ రెయిన్‌బరో వాళ్ల పక్షాన నిలబడ్డాడు. ఆస్తి లేనోడికి ఓటెందుకన్నాడు క్రామ్‌వెల్ అల్లుడు ఐర్టన్.

మేం బడిలో చెప్పే పాఠం 1649 జనవరిలో రాజు తల నరకడంతో అయిపోతుంది. ఆ ఏప్రిల్‌లోనే సర్రేలో పేదలు ఉమ్మడి బంజరు తవ్వి క్యారెట్లు, చిక్కుళ్లు వేస్తే భూస్వాములు కొట్టించి గుడిసెలు కూలగొట్టించారు. మేలో, ఎదురుతిరిగిన సిపాయిలు ముగ్గురిని బర్ఫర్డ్ చర్చి దగ్గర కాల్చి చంపారు. కాల్చింది పార్లమెంటు సైన్యమే. అక్కడ మగవాళ్లందరికీ ఓటొచ్చేసరికి 1918 అయ్యింది, ఆడవాళ్లందరికీ 1928.