డిగ్రీ పట్టా – ఉద్దెర చిట్టా

(మండల కేంద్రంలో దళిత విద్యార్థుల కోసం జరిపిన ఒకరోజు శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



నన్ను పిలిచిన సంఘం తమ్ముళ్లు చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గొప్పదనే ముచ్చట మీరు నూరుసార్లు విన్నరు. నేను ఇయ్యాల వేరే ముచ్చట చెప్త. పోయిన నెల మా వాడ పిల్లగాడొకడు నా దగ్గరికి వచ్చిండు. డిగ్రీ రెండో సంవత్సరం. బస్టాండు కాడ సెల్‌ఫోన్లు బాగుచేసే డబ్బా పెట్టుకున్నడు. "సారూ, రోజుకు ఐదు వందల యాభై మిగులుతున్నయి. ఇగ కాలేజీ బందు పెడ్త. డిగ్రీ అయిపోయినోళ్లే నా కాడికి వచ్చి పనుంటే చెప్పమంటున్నరు" అన్నడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. వాడు చెప్పింది అబద్ధం కాదు. పట్టా చేతబట్టుకొని ఖాళీగా తిరిగే పిల్లలు ప్రతి వాడలో ఉన్నారు. వాడికి నీతులు చెప్తే నవ్వుతడు. అందుకే నీతులు పక్కకుబెట్టి లెక్క చెప్పాలనుకున్న. ఆ లెక్కలో నా కథ కూడా ఉన్నది.

ముందు ఒక మాట. "మీ వాళ్లకు వ్యాపారం చేతగాదు" అని అగ్రకులాల వాళ్లు అంటారు. విని విని మనమూ అంటున్నాం. మా తాత చెప్పులు కుట్టిండు, బావులకు మోట తొండాలు కుట్టిండు. ఆ తోలు లేకపోతే బావిల నీళ్లు పైకి రావు, నీళ్లు రాకపోతే ఊరికి పంట లేదు. అయినా తన తొండానికి ఇంత ధర అని మా తాత ఒక్కనాడు చెప్పలేదు. కళ్లం కాడ నిలబడితే రైతు పెట్టిన మేర తెచ్చుకున్నడు. తక్కువైందంటే తిట్లు. పనితనం మా తాతదే, సరుకు మా తాతదే, ధర మాత్రం ఎదుటోనిది. ధర చెప్పే హక్కు లేకుండా చేసింది వ్యాపారం ఎట్లయితది? మనకు చేతగాక కాదు, మనల్ని చేయనియ్యలేదు.

2005 ఆర్థిక గణన లెక్క చూడండి. దేశం మొత్తం వ్యాపార సంస్థల్లో షెడ్యూల్డు కులాల వాళ్ల చేతిలో ఉన్నవి 9.8 శాతం. జనాభాలో మనం నూటికి పదహారు మందికి పైనే.

కరెంటు మోటార్లు వచ్చినయి, మోట పోయింది. దానితోటి మా తాత పని పోయింది. మా నాయిన జీతం ఉన్నడు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది గాని మా ఊరికి నడుచుకుంట వచ్చేసరికి చానా ఏండ్లు పట్టింది.

నేను 1998లో పట్నంలో సర్కారు డిగ్రీ కాలేజీలో చేరిన. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. బస్సుకు, ఫీజుకు, బుక్కులకు పైసలు కావాలె. మా అమ్మ చాయ్ హోటలు పెడదామన్నది. మాది రెండు గ్లాసుల ఊరు. మన చేతి చాయ్ ఎవడు తాగుతడు? పంక్చరేసిన ట్యూబుకు మాత్రం అంటు లేదు. అందుకని మేకను అమ్మి, రెండు వేల రూపాయలతోటి సైకిల్ షాపు పెట్టినం. మూడు కిరాయి సైకిళ్లు, ఒక పంపు, పానాల డబ్బా. ఏం అమ్మాలన్నది నా ఇష్టం కాదు, అది కూడా కులమే తేల్చింది.

షాపు నడిచింది. సాయంత్రం నాలుగు గంటల బస్సు దిగి రాత్రి తొమ్మిది దాకా పని. గిరాకి ఉన్నది గాని పైసలు రాలేదు. ఎందుకంటే ఉద్దెర. మన వాడోళ్లు రూపాయి బాకీ ఉంటే కూలి వచ్చిన నాడు ఇచ్చిపోయేటోళ్లు. పెద్దిండ్లోళ్లు "రాసుకోరా" అని సైకిలు తీసుకొని పోయేటోళ్లు. రెండో సంవత్సరం పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గరకొచ్చింది. చిట్టా తీస్తే ఒక్క పటేలు ఇంటి బాకీయే రెండు వందల అరవై రూపాయలు. ఫీజుకు సరిపోతయి. వాళ్ల వాకిట్ల నిలబడ్డ. "నా ఇంటికొచ్చి లెక్కలడుగుతవారా? అంతటోనివయినవా?" అన్నడు. పైసలియ్యలేదు. మర్నాటి నుంచి ఆ ఇంటి సైకిళ్లు, వాళ్ల చుట్టాల సైకిళ్లు నా షాపుకు రాలేదు. ఫీజు గడువు దాటింది. మూడేండ్ల డిగ్రీ నాకు నాలుగేండ్లయింది.

అప్పుడు నాకు సమజైంది. మా తాత కళ్లం కాడ నిలబడ్డడు, నేను షాపు పెట్టి కూడ వాకిట్ల నిలబడ్డ. పైసలియ్యని పనిని వెట్టి అనే అనాలె. షాపు పెట్టంగనే వెట్టి పోదు. చిట్టాల అది ఉద్దెర పేరు మీద ఉంటది.

ఇంకో మాట నేను ఏ సభల చెప్పలేదు. పరీక్ష పోయినంక ఇంట్ల కూసొని మాట్లాడుకున్నం. నేను కాలేజీ ఎగ్గొట్టొద్దు, షాపు మూయొద్దు. మరి పగలు షాపుల ఎవరు కూసోవాలె? మా చెల్లె తొమ్మిదో తరగతి. ఆమెను బడి మాన్పించినం. ఎవరూ ఆమెను అడగలేదు. నేను అసలే అడగలేదు. ఆమె పంక్చర్లు ఏసింది, చిట్టా రాసింది, నాకంటే గట్టిగా బాకీలు అడిగింది. నేను డిగ్రీ పాసయిన, బి.ఎడ్. చేసిన, డీఎస్సీ రాసి సారునయిన. మీరంతా నన్ను "చదువునూ షాపునూ రెంటినీ నడిపినోడు" అని పరిచయం చేస్తరు. నేనొక్కణ్ణి నడపలేదు. సగం చదువు నాది, సగం మా చెల్లెది. పట్టా మీద నా పేరొక్కటే ఉన్నది. ఆమె ఇయ్యాల ఈ సభల వెనక వరుసల కూసున్నది.

బాబాసాహెబ్ కథ కూడా మనం సగమే చెప్పుకుంటున్నాం. విదేశాల్లో చదివారు, రాజ్యాంగం రాశారు అంటాం. నడుమ ఏం జరిగింది? 1917లో తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండడానికి చోటు దొరకలేదు. బొంబాయి వచ్చి ప్రైవేట్లు చెప్పారు. పెట్టుబడుల మీద సలహాలిచ్చే వ్యాపారం పెట్టారు. ఆయన అంటరాని కులమని తెలిసి గిరాకి ఆగిపోయింది, ఆ వ్యాపారం మూతపడింది. అంతటి చదువు చదివిన మనిషికే బజారు తలుపు మూసింది. 1918లో సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరయ్యారు. జీతంలో మిగిల్చుకున్నది, కొల్హాపూర్ సాహూ మహారాజు సాయం, నవల్ భతేనా అనే పార్సీ మిత్రుడిచ్చిన అప్పు కలుపుకొని 1920లో మళ్లీ లండన్ పోయారు. 1923లో డి.ఎస్సీ. పట్టా తెచ్చుకున్నారు. సంపాదన రుచి చూసి చదువు ఆపలేదు. చదువు పేరు మీద సంపాదనను చిన్నచూపూ చూడలేదు. ఆ ఏండ్లన్నీ లేమిలో ఇల్లు ఈదింది రమాబాయి తల్లి. ఆమె పేరు చెప్పకుండా ఆ డి.ఎస్సీ. గురించి చెప్పొద్దు.

మహాత్మా పూలే కూడా కాంట్రాక్టు పనులు చేసినవారే. 1848లో ఆడపిల్లల బడి పెట్టిన మనిషి వ్యాపారం చేసి ఉద్యమానికి ఖర్చు పెట్టారు. కాబట్టి దుకాణం పెట్టడం ఉద్యమానికి దూరం కావడమని ఎవరూ అనుకోవద్దు.

ఇగ ఆ సెల్‌ఫోన్ల తమ్ముని దగ్గరికొస్తా. వాడిని కూసోబెట్టి చిట్టా రాయించిన. రోజుకు 550 చొప్పున 26 రోజులకు 14,300 రూపాయలు. సామాను ఖర్చు తీసేసినంక మిగిలిందే అది. మిగతావి తీసెయ్యమన్న. డబ్బా కిరాయి 2,500. కరెంటు 400. తెచ్చిన అప్పు కిస్తీ 2,200. రాని ఉద్దెర 1,500. మిగిలింది 7,700. రోజుకు 296 రూపాయలు, పది గంటల పనికి. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. "తమ్మీ, నువ్వు ఓనర్ననుకుంటున్నవు, నీకు నువ్వు ఇచ్చుకుంటున్న కూలి మట్టి పనికంటే తక్కువ" అన్న. వాడు మళ్లీ కూడిండు, మళ్లీ తీసేసిండు. అంతే వచ్చింది.

రెండో లెక్క. మా తాత తొండాన్ని మోటారు మింగింది. నా సైకిల్ షాపును మోటార్ సైకిళ్లు మింగినయి. నా పక్కన ఎస్‌టీడీ బూతు ఉండె, దాన్ని సెల్‌ఫోను మింగింది. రేపు సెల్‌ఫోను డబ్బాను ఏది మింగుతదో మనకు తెల్వదు. పని చచ్చినప్పుడు ఆ పనొక్కటే తెలిసినోడు మళ్లీ జీతానికి పోతడు. చదువుకున్నోడు ఇంకో పనికి మారుతడు. ఉద్యోగం రాకున్నా డిగ్రీ ఎందుకంటే ఇందుకు. బ్యాంకు కాయిదం చదవడానికి, చట్టం చదవడానికి, ఒక పని చస్తే ఇంకో పని పట్టుకోవడానికి.

రెంటినీ నడిపేటోళ్లకు నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్త, రాసుకోండి.

ఒకటి, హాజరు. స్కాలర్‌షిప్పుకు 75 శాతం హాజరు కావాలె. వారంలో ఆరు రోజులు కాలేజీ ఉంటే ఒకటిన్నర రోజు మించి పోగొట్టుకోవద్దు. షాపు సాయంత్రం, ఆదివారం. పరీక్షలప్పుడు మూత. అట్ల కుదరనోళ్లు చదువు మానొద్దు, దూరవిద్యకు మారండి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టింది, 1991లో దానికి బాబాసాహెబ్ పేరు పెట్టారు. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో చెప్పింది. అయితే అక్కడ రాలేదేమని అడిగే సారు ఉండడు. నిన్ను నువ్వే అడుక్కోవాలె.

రెండు, చిట్టా. ఇంటి పైసలు, షాపు పైసలు, చదువు పైసలు మూడు వేరు. నెల మొదట్లో ఫీజు పైసలు తీసి పక్కకు పెట్టండి. నీ కూలి కూడ ఖర్చు కింద రాసుకో. చెల్లెనో తమ్మున్నో కూసోబెడితే వాళ్ల కూలి కూడ రాయి.

మూడు, అప్పు. 2015లో వచ్చిన ముద్ర పథకంలో 'శిశు' కింద 50 వేల దాకా అప్పుకు తాకట్టు అక్కరలేదు. బ్యాంకోళ్లు జామీను అడిగితే ఎందుకో రాసియ్యమనండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, దళారికి ఇయ్యకండి. ఫోన్‌ల క్షణంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. 2010లో మైక్రోఫైనాన్సు కిస్తీల బాధకు ఎందరు ప్రాణాలు తీసుకుంటే అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిందో పెద్దోళ్లకు యాదికుంటది.

నాలుగు, ఉద్దెర. ఇది ఒక్కని పని కాదు, సంఘం పని. నేను ఒక్కణ్ణే పటేలు వాకిట్లకు పోయిన, అదే నా తప్పు. పదిమంది పోయి చిట్టా చూపిస్తే ఆ మాట అనకపోవు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం దళితుణ్ణి వ్యాపారం చేసుకోనియ్యకుండా అడ్డుకున్నా, ఆర్థికంగా వెలివేసినా, వెలివేస్తామని బెదిరించినా నేరమే. నా కాలంలో ఈ మాట చట్టంలో లేదు. ఇప్పుడు ఉన్నది. చదివి వినిపించేటోడు కావాలె. ఆ చదివేటోడు కాలేజీ మానేసి డబ్బాల కూసుంటే ఎట్ల?

సంఘం కార్యకర్తలకు నా అడుగుడు మూడే. వాడలో దుకాణం పెట్టిన ప్రతి విద్యార్థి చిట్టాను నెలకోసారి కూసొని చూడండి. మొండి బాకీలకు సంఘంగా పోండి. పరీక్షల నెలలో ఆ దుకాణంలో వంతులేసుకొని కూసోండి. సభలకు జనాన్ని పోగుచేసేటోళ్లం, ఒక పిల్లగాని షాపు పదిహేను రోజులు నడపలేమా? మనం కూసోకపోతే ఆ ఇంటి ఆడపిల్ల కూసుంటది. ఆమె బడి పోతది. అది నేను చూసిన, చేసిన.

నేను షాపు మూసిన నాడు చిట్టాల రాని ఉద్దెర 4,300 రూపాయలు. నా పెట్టుబడికి రెండింతలకు మించి. ఆ చిట్టా మా చెల్లె ఇప్పటికీ దాచిపెట్టింది. "ఎందుకే, చెదలు పడుతది" అంటే, "ఉండనియ్యి అన్నా, నేను చదువుకున్నది అదొక్కటే" అన్నది.

సెల్‌ఫోన్ల తమ్ముడు కాలేజీకి పోతున్నడు. డబ్బా సాయంత్రం నాలుగింటికి తెరుస్తున్నడు. పగలు కూసుంటానని వాళ్ల చెల్లె అన్నదట, వాడు వద్దన్నడట. వచ్చే నెల వాని పరీక్షలు. ఆ పదిహేను రోజులు ఎవరెవరు కూసుంటరో ఇక్కడనే, ఈ సభ లేవకముందే పేర్లు రాయండి. మొదటి ఆదివారం నాది.

జై భీం.