ఒక వీరుడు – అనేక హస్తములు
(మన సంఘము సాహిత్యగోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యగోష్ఠి యనగానే ప్రబంధమును గూర్చియో, పద్యనాటకమును గూర్చియో నాలుగు మాటలు వినవచ్చునని మీరు ఆశించుట సహజము. నేడు నేను ఎన్నుకొన్న విషయము అమెరికా దేశపు బొమ్మల కథలలోని ఒక వీరుడు. అతని పేరు బ్యాట్‌మన్. తెలుగున చెప్పవలెనన్న గబ్బిలపు మనిషి. పిల్లలు చదువుకొను పుస్తకములకు పెద్దల సభలో పనియేమి యని కొందరికి తోచవచ్చును. అట్టివారికి ఒక్క ప్రశ్న వేయుదును. విక్రమార్కుడనగానే మన కన్నుల ముందు నిలుచు రూపమెట్టిది? భుజముపై శవము, చేత కత్తి, చుట్టును శ్మశానము. ఆ రూపమును మనకు ప్రసాదించినది 'చందమామ'లో శంకర్ గారి కుంచె. కథ ప్రాచీనమైనది, ముఖము మాత్రము చిత్రకారుడిచ్చినది. ఒక పాత్రను కథకుడును చిత్రకారుడును కలిసి నిర్మించినపుడు, వారి తరువాత మరికొందరు దానిని చేపట్టినపుడు ఏమి జరుగునో గ్రహించుటకు బ్యాట్‌మన్ చరిత్రము చక్కని ఉదాహరణము.

ఇంటిలోనికి గబ్బిలము వచ్చిన అపశకునమని తరిమెడి దేశము మనది. ఆ గబ్బిలమునే జాషువా మహాకవి ఒక అస్పృశ్యుని దుఃఖమును శివునికి విన్నవించు దూతగా చేసెను. 'గబ్బిలము' 1941 నాటి కావ్యము. దానికి రెండేండ్ల ముందు, 1939 మే నెల తేదీతో వెలువడిన 'డిటెక్టివ్ కామిక్స్' 27వ సంచికలో బ్యాట్‌మన్ తొలిసారి కనబడెను. ఈ రెంటికిని ఎట్టి సంబంధమును లేదు. అయినను లోకము ఏవగించుకొను ప్రాణిని ఆర్తుల పక్షమున నిలుపవలెనను ఊహ రెండు ఖండములలో ఇంచుమించు ఒకే కాలమున పుట్టుట ముచ్చటైన విషయము.

బ్యాట్‌మన్‌ను సృజించినవారు ఇరువురు: చిత్రకారుడు బాబ్ కేన్, కథకుడు బిల్ ఫింగర్. కేన్ మొదట గీసిన బొమ్మలో వీరునికి ఎఱ్ఱని దుస్తులు, బిగుసుకొనియున్న రెక్కలు, కన్నుల వఱకే చిన్న ముసుగు ఉండినవట. రెక్కలకు బదులు వ్రేలాడు పైవస్త్రము, ఎఱుపునకు బదులు బూడిదవన్నె, తలయంతయు కప్పు కొమ్ముల ముసుగు ఉండవలెనని చెప్పినవాడు ఫింగర్. బ్రూస్ వేన్ అను అసలు పేరును, గోథమ్ అను నగర నామమును పెట్టినవాడును అతడే. ఈ ఫింగర్ ప్రసక్తి నా ప్రసంగాంతమున మరల వచ్చును గనుక ఆ పేరును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు.

తొలినాటి బ్యాట్‌మన్‌కు దయాదాక్షిణ్యములు తక్కువ. మొదటి కథలోనే అతని దెబ్బకు నేరస్థుడొకడు ఆమ్లపు తొట్టిలో పడి చచ్చును. తగిన శాస్తి జరిగినదని వీరుడు సరిపెట్టుకొనును. కొన్ని కథలలో తుపాకి సైతము పట్టెను. 1940లో సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ ఇకపై బ్యాట్‌మన్ ఎవ్వరినీ చంపరాదని కట్టడి చేసెను. నేడు లోకము బ్యాట్‌మన్ శీలములో ప్రధానముగ ఎంచు అహింసా నియమము ఒక సంపాదకుని ఆజ్ఞ వలన పుట్టినది! అయితే తరువాతి కథకులు ఆ ఆజ్ఞకు హృదయములో కారణమును వెదకిరి. తల్లిదండ్రులను తుపాకికి కోల్పోయిన బాలుడు తుపాకిని ద్వేషింపక మానునా అని వారు ఆలోచించిరి. బయటినుండి వచ్చిన నిబంధన పాత్రకు స్వభావమైనది.

1940, 50 దశకములలో డిక్ స్ప్రాంగ్ అను చిత్రకారుని చేత బ్యాట్‌మన్ వెడల్పైన దవడ, చిఱునవ్వు గల మంచి మామయ్యగా మారెను. మేడంత టైపుమిషనులు, బ్రహ్మాండమైన నాణెములు మున్నగు వానిపై పరుగులెత్తుచు దొంగలను పట్టును. 1954లో ఫ్రెడరిక్ వెర్థామ్ అను మానసిక వైద్యుడు బొమ్మల కథలు బాలురను చెఱచుచున్నవని గ్రంథము వ్రాయగా, అమెరికా సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ప్రకాశకులు భయపడి తమకు తామే ఒక నియమావళిని విధించుకొనిరి. ఆ పిమ్మట కొన్నేండ్లు బ్యాట్‌మన్ గ్రహాంతరవాసులతో పోరాడుచు కాలక్షేపము చేసెను. 1966 నుండి 1968 వఱకు నడచిన టెలివిజను ధారావాహిక ఆ ఉల్లాసమునే పరిహాసముగ మార్చి లోకమునెల్ల నవ్వించినది.

నవ్వు తగ్గిన పిదప రాత్రి మరల వచ్చెను. 1970 మొదలు డెన్నీ ఓనీల్ కథలు వ్రాయగా నీల్ ఆడమ్స్ బొమ్మలు గీసెను. ఓనీల్ పత్రికారచన చేసినవాడు. ఆడమ్స్ ప్రకటనల చిత్రములలో చేయి తిరిగినవాడు. ఆడమ్స్ గీసిన బ్యాట్‌మన్‌కు నిజమైన మనుష్యుని కండరములు, నిజమైన అలసట కలవు. అతని పైవస్త్రము చీకటిలో ఒక ప్రాణివలె కదలును.

ఈ చరిత్రమునిట్లు చెప్పుకొనిపోయిన తుది యుండదు. అందుచేత ఒక్క ఘట్టమును తీసికొని పరిశీలింతము. మన సాహిత్యవిమర్శకులు శకుంతలా పరిత్యాగమును వ్యాసుడెట్లు చెప్పెను, కాళిదాసెట్లు చెప్పెను, నన్నయ యెట్లు చెప్పెనని పోల్చుదురు గదా! బ్యాట్‌మన్ కథలో అట్టి ఘట్టము తల్లిదండ్రుల మరణము.

1939 నవంబరు సంచికలో ఇది రెండు పుటల కథ. వీథిలో దొంగ హారము నడుగును, తండ్రిని కాల్చును, తల్లిని కాల్చును. బాలుడు దీపము ముందు మోకరిల్లి ప్రతిజ్ఞ చేయును. సంవత్సరములు గడచి యువకుడైన పిదప కిటికీలోనుండి గబ్బిలము వచ్చును. అంతే. జానపద కథవలె వేగముగ, నిర్లిప్తముగ సాగును.

1948లో ఫింగర్ ఆ హంతకునికి జో చిల్ అను పేరు పెట్టి కథను పొడిగించెను. బ్యాట్‌మన్ అతనిని కనుగొని, ముసుగు తీసి, నీవు చంపినవారి కుమారుడను నేనేయని చెప్పును. చిల్ భయపడి తన తోడిదొంగల యొద్దకు పరుగెత్తి, బ్యాట్‌మన్ పుట్టుటకు కారణము తానేనని వాపోవును. తమ పాలిటి యమునికి జన్మకారకుడు వీడేనని మండిపడి ఆ దొంగలే వానిని కాల్చుదురు. ఇందు పగ తీరుచున్నది. వీరుని చేతికి నెత్తురంటుట లేదు. ఇంత పొందికైన కర్మఫల కథను పదునైదు పుటలకు లోపలనే ఇమిడ్చిన నేర్పు ఫింగర్‌ది.

1976లో ఓనీల్ రచనకు డిక్ జోర్డానో బొమ్మలు వేసిన కథ మరియొక తీరు. ఏటేట అదే రాత్రి బ్యాట్‌మన్ ఆ సందునకు పోవును. అచ్చట లెస్లీ థామ్కిన్స్ అను వృద్ధురాలు నివసించుచుండును. తల్లిదండ్రుల శవముల నడుమ నిలిచిన బాలుని ఆనాడు దగ్గరకు తీసికొని ఓదార్చిన స్త్రీ ఆమెయే. హత్యను చూచిన కన్నులతోనే ఓనీల్ ఓదార్పును గూడ చూచెను. ముప్పదియేడేండ్లుగ ఎవ్వరును ఆ బాలుని కన్నీరు తుడిచినది ఎవరని యడుగలేదు, ఇతడడిగెను. నాకు అన్ని కథనములలోను ఇది మిక్కిలి ప్రియమైనది.

1986లో ఫ్రాంక్ మిల్లర్ 'ది డార్క్ నైట్ రిటర్న్స్' వ్రాసి తానే చిత్రించెను. అందు వీరునికి ఏబదియైదేండ్లు. ముసుగు విడిచి పదేండ్లయినది. మిల్లర్ పుటను పదునాఱు చిన్న గడులుగ విభజించి ఆ హత్యను క్షణక్షణముగ చూపెను. మాటలు లేవు. తుపాకి గొట్టము ముత్యాల హారములో చిక్కుకొనును, హారము తెగును, ముత్యము వెంట ముత్యము రాలును. మఱపునకు రాని జ్ఞాపకము మనస్సులో నెట్లు తిరుగునో ఆ గడుల అమరికయే తెలుపుచున్నది. అటుపిమ్మట వచ్చిన చిత్రకారులలో పెక్కురు ఆ ముత్యములను విడువలేకపోయిరి. ప్రభుత్వోద్యోగులమైన మనకు ఒక విశేషము: ఈ గ్రంథమున సూపర్‌మన్ అంతటివాడు ప్రభుత్వపు ఉత్తరువులను తలవంచి నెరవేర్చుచు కనబడును!

మరుసటి యేడు, 1987లో, అదే మిల్లర్ 'ఇయర్ వన్' కథను వ్రాయగా డేవిడ్ మజుకెల్లి చిత్రించెను. కథకుడొక్కడే, కాని చిత్రకారుడు మారుటతో లోకమే మారినది. మిల్లర్ గీతలో కేక గలదు. మజుకెల్లి గీతలో మౌనము గలదు. తొలిరాత్రి గాయపడి, నెత్తురోడుచు, తండ్రి విగ్రహము ముందు కూర్చున్న యువకుని యతడు అతి తక్కువ గీతలతో చూపెను. చేతికందు దూరమున గంట గలదు. మ్రోగించిన సేవకుడు వచ్చి ప్రాణము కాపాడును. ఏమి చేయవలెనో తెలియక యున్న ఆ క్షణమున అద్దము పగులగొట్టుకొని గబ్బిలము లోనికి వచ్చును.

ఈ గ్రంథమున సగము బ్యాట్‌మన్‌ది కాదు, జేమ్స్ గోర్డన్ అను పోలీసు అధికారిది. గోర్డన్ 1939 నాటి మొదటి కథ నుండియు ఉన్నవాడే. కాని చాలకాలము చుట్ట కాల్చుచు వీరుని పిలుచుటకే పరిమితుడు. మిల్లర్, మజుకెల్లి అతనికి జీతము, సంసారము, బలహీనతలు ఇచ్చిరి. లంచము ముట్టనందుకు తోడి యుద్యోగులే ముసుగులు ధరించి అతనిని కొట్టుదురు. అతడు ఉద్యోగము విడువడు. 1988లో ఆలన్ మూర్ వ్రాసి బ్రయన్ బాలండ్ చిత్రించిన 'ది కిల్లింగ్ జోక్'లో జోకర్ అతని కూతురు బార్బరాను కాల్చి, అతనిని పిచ్చివానిని చేయజూచును. ఒక్క చెడ్డదినము చాలును, ఎవ్వడైనను నావంటివాడగునని జోకర్ వాదము. గోర్డన్ తట్టుకొని నిలిచి, వానిని చట్టప్రకారమే పట్టవలెనని బ్యాట్‌మన్‌ను కోరును. ఆకాశమున ఎగురు వీరుల నడుమ, నిబంధనల పుస్తకము నంటిపెట్టుకొన్న ఒక ఉద్యోగి కథకు ధర్మకర్తయైనాడు.

అయినను ఆ కథలో బార్బరా కేవలము తండ్రి దుఃఖమునకు సాధనముగ మిగిలినదని పలువురు ఆక్షేపించిరి. 1989లో జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ దంపతులు ఆ లోపమును పూరించిరి. చక్రముల కుర్చీలోనుండియే కంప్యూటరు విద్యతో వీరులందఱికి సమాచారమందించు 'ఒరాకిల్'గా ఆమెను నిలిపిరి. ఒకరు పడవేసిన పాత్రను మరియొకరు లేవనెత్తుట, పెక్కుచేతుల సాహిత్యములో గల గొప్ప వరము.

జోకర్‌ను గూర్చి ఒక్క మాట. 1978లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ వ్రాసిన కథలో జోకర్ సముద్రములో విషము కలిపి చేపలకు తన నవ్వుముఖము తెప్పించి, ఆ చేపలపై కాపీరైటు కావలెనని కార్యాలయమునకు పోవును. చేపలు ప్రకృతి సంపద, నిబంధనలు ఒప్పుకొనవని అచ్చటి ఉద్యోగి సెలవిచ్చును. జోకర్ ఆ ఉద్యోగి ప్రాణము తీయును. భవననిర్మాణ శాస్త్రము చదివిన మార్షల్ రోజర్స్ గీసిన ఆ నగరమును చూచిన మేడల నీడలే భయము పుట్టించును. మన కార్యాలయములకు వచ్చు అర్జీదారులు ఎంత కోపిష్ఠులైనను అంతటివారు కారని సంతసింపవలెను.

కాపీరైటు మాట వచ్చినది గనుక ఇక ఫింగర్ సంగతికి వత్తును. కేన్ ప్రకాశకులతో చేసికొన్న ఒడంబడిక వలన దశాబ్దముల పాటు బ్యాట్‌మన్ కథలపై సృష్టికర్తగా ఒక్క కేన్ పేరే అచ్చయినది. ఫింగర్ 1974లో మరణించెను. అప్పటికి ఆ గౌరవము దక్కలేదు, ధనమును దక్కలేదు. 1989లో కేన్ తన ఆత్మకథలో ఫింగర్ పేరు ఉండవలసినదేయని ఒప్పుకొనెను. తుదకు 2015లో ప్రకాశకులు ఫింగర్ పేరును గూడ చేర్చుటకు సమ్మతించిరి. పేరునకును మనిషికిని నడుమ నలుబదియొక్క సంవత్సరముల సమాధి!

సోదరులారా, మన కార్యాలయములలో చిత్తు వ్రాయువాడొకడు, సంతకము చేయువాడొకడు. అది పరిపాలనకు అవసరము, మనమెవ్వరమును చిన్నబుచ్చుకొనము. సాహిత్యమున ఆ పద్ధతి చెల్లదు. ఫైలునకు సంతకము చాలును గాని కథకు తల్లియెవరో తెలియవలెను. తొలి బొమ్మకు కొమ్ములిచ్చినవాడు, ముత్యములు రాల్చినవాడు, బాలుని కన్నీరు తుడిచినవాడు, కుర్చీలోని స్త్రీకి గొంతుక యిచ్చినవారు, వీరందఱి పేర్లును తెలిసిన నాడే ఆ వీరుని మనము పూర్తిగ చదివినట్లు.

కావున మీ యింటి పిల్లవాడు బొమ్మల పుస్తకము పట్టుకొనినపుడు లాగికొనకుడు. ప్రక్కన కూర్చుండి, ఇది వ్రాసినదెవరు, గీసినదెవరు అని యడుగుడు. ఇదే వీరుని మరియొకరు గీసిన బొమ్మ చూపి, రెంటికిని భేదమేమని ప్రశ్నింపుడు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుట నేర్చిన బిడ్డ రేపు తిక్కన శ్రీకృష్ణునికిని తిరుపతి వేంకట కవుల శ్రీకృష్ణునికిని గల భేదమును తానే కనిపెట్టగలడు.